పరకాల పార్టీ ఏ విండోలో ఉన్నడు?

రెండేండ్ల కింద మాఘమాసంలో ఒకరి పెండ్లి ముహూర్తం తీసుకుపోయి ఇంకొకరి కార్డులో అచ్చు వేయించాను. తప్పు నాదే. కాకపోతే ఆ తప్పులో నా వాటా ఎంత, నా ముందున్న కంప్యూటర్ వాటా ఎంత అన్న లెక్క మాత్రం అప్పటి నుంచీ తెగడం లేదు.

హన్మకొండ చౌరస్తాకు దగ్గర్లో ఒక గల్లీలో నాది డీటీపీ షాపు. రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషన్, ఒక స్పైరల్ బైండింగ్ మిషన్, పని నేర్చుకుంటున్న ఒక తమ్ముడు. పెండ్లి కార్డులు, ఫ్లెక్సీలు, కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు, ఆన్‌లైన్ అప్లికేషన్లు అన్నీ చేస్తాం. ఆఫ్‌సెట్ అచ్చు మాత్రం బయట ప్రెస్సులో వేయిస్తాను.

ఆ రోజు పేజ్‌మేకర్‌లో, అంటే మేం కార్డులు తయారుచేసే ప్రోగ్రాంలో, రెండు కార్డులు తెరిచి ఉన్నాయి. ఒకటి పరకాల వాళ్లది, ఒకటి వర్ధన్నపేట వాళ్లది. ఇద్దరూ ఒకే మోడల్ ఎంచుకున్నారు. పైన వినాయకుడు, పక్కన అరటి చెట్లు, కింద ‘మదర్పిత చందన తాంబూలాది సత్కారములు’. ఇద్దరిదీ ఒకే రోజు, ఒకే లగ్నం, రాత్రి 10 గంటల 42 నిమిషాలకు. మంచి రోజులు తక్కువ ఉన్న ఏడాది అట్లాగే అవుతుంది, ఊర్లు వేరైనా పంచాంగం ఒకటే కదా. మధ్యాహ్నం పరకాల పెండ్లికూతురు నాయన ఫోన్ చేశాడు. “అన్నా, మా అయ్యగారు టైం మార్చిండే. 11 గంటల 6 నిమిషాలట. జర మార్చి ప్రెస్సుకు పంపు.”

నాకు నలభై దాటాయి. అక్షరం స్పష్టంగా కనబడాలని 200 శాతం జూమ్‌లో పనిచేస్తాను. ఆ జూమ్‌లో తెర మీద నాలుగు లైన్లు మిగులుతాయి. పెండ్లికొడుకు పేరు పైకి పోయింది, పెండ్లికూతురు పేరు ఇంకా పైకి పోయింది. నా కండ్ల ముందు ఉన్నది ‘సుముహూర్తము: రాత్రి గం. 10.42 ని.లకు’ అన్న ఒక్క లైను. అది ఏ కార్డులో చూసినా అదే లైను. 10.42 తీసేశాను, 11.06 కొట్టాను, సేవ్ చేశాను, రెండు ఫైళ్లూ ప్రెస్సుకు పంపాను. నేను మార్చింది వర్ధన్నపేట కార్డులో.

అంటే ఒక పొరపాటుకు రెండు కార్డులు చెడిపోయాయి. వర్ధన్నపేట కార్డులో వాళ్లకు సంబంధం లేని టైం, పరకాల కార్డులో పాత టైం. మూడో రోజు పొద్దున రెండు డబ్బాలూ నా కౌంటర్ మీదికి తిరిగొచ్చాయి. కాగితం, అచ్చు, కటింగ్ అన్నీ మళ్లీ నా నెత్తిన పడ్డాయి. అది సరే, వర్ధన్నపేట పెద్దాయన అప్పటికే ముప్పై కార్డులు పంచేశాడు. ఆ ముప్పై ఇండ్లకూ ఆయనే పోయి బాల్ పెన్నుతో దిద్ది వచ్చాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

“చూసుకోవాలె గదా” అన్నారు అందరూ. చూసుకున్నాను. తెర మీద చూడటానికి ఏముందో అదే చూశాను. ఆ రెండు ఫైళ్ల పేర్లేమిటంటే ‘కార్డ్ న్యూ’, ‘కార్డ్ న్యూ 2’. పైన టైటిల్ బార్‌లో ముందుగా అడోబ్ పేజ్‌మేకర్ 7.0 అని ప్రోగ్రాం పేరు, తర్వాత ఎక్కడో చివరికి ఆ ఫైలు పేరు. అది చదివినా పరకాల ఎవరో వర్ధన్నపేట ఎవరో నాకు తెలిసేది కాదు.

నా వాదన ఇక్కడి నుంచి మొదలవుతుంది. తెరిచిన విండోల్లోంచి కావాల్సినదాన్ని కండ్లతో ఏరుకోమనడం కంప్యూటర్ మనకు అంటగట్టిన చెడ్డ అలవాటు. విండోను పేరు పెట్టి పిలిస్తే రావాలి. ఆ పేరు కూడా కంప్యూటర్ పెట్టింది కాదు, షాపులో మనం నోటితో పిలిచే పేరై ఉండాలి.

ఆల్ట్ ట్యాబ్ ఉంది కదా అంటారు. ఉంది. రెండు విండోల మధ్య అటూ ఇటూ తిరగడానికి దానంత మంచి మీట ఇంకోటి లేదు. ఎక్సెల్‌లో అంకె చూసి వర్డ్‌లో కొట్టాలి, మళ్లీ ఎక్సెల్, మళ్లీ వర్డ్. చెయ్యి దానంతట అదే పోతుంది. కానీ అది విండోలను పెట్టే వరస చూడండి. చివరగా ముట్టుకున్నది ముందు, దానికంటే ముందు ముట్టుకున్నది తర్వాత. అంటే ముట్టుకున్నప్పుడల్లా వరస మారిపోతుంది. ఇందాక మూడోదిగా ఉన్నది ఇప్పుడు రెండోది, ఇంకో నిమిషానికి ఆరోది. పదమూడు విండోలున్నప్పుడు ఆల్ట్ పట్టుకుని ట్యాబ్ టకటకా కొడుతూ పోతే కావాల్సింది ఒక్క గడి దాటిపోతుంది. షిఫ్ట్ పట్టుకుని వెనక్కి రావాలి. ఇదంతా ఎదురుగా గిరాకీ నిలబడి “అయిందా అన్నా” అంటున్నప్పుడు జరుగుతుంది. ఎవరింట్లోనైనా డబ్బాలు తీసిన ప్రతిసారీ అల్మరాలో వాటి జాగా మారిపోతే, ఆ ఇంట్లో పప్పు ఎప్పుడు ఉడకాలి?

జాగా మారని పట్టీ ఒకటి మనకు ఉండేది. విండోస్ 95తో వచ్చిన టాస్క్‌బార్. 1995కు ముందు విండో కిందికి దించితే అది తెర మీద ఏ మూలనో బొమ్మగా పడి ఉండేది. ఆ సంవత్సరం నుంచి తెరిచిన ప్రతి విండోకు కింద ఒక బటన్, బటన్ మీద పేరు వచ్చాయి. తెరిచిన వరసలోనే ఎడమ నుంచి కుడికి ఉండేవి. నేను కంప్యూటర్ నేర్చుకున్నది దాని మీదే. ‘కుడి నుంచి రెండోది’ అని చూడకుండానే చెయ్యి పోయేది. ఎక్కువైతే బటన్లు సన్నబడి పేరులో మొదటి నాలుగు అక్షరాలే మిగిలేవి, అది నిజమే. 2001లో ఎక్స్‌పీ వచ్చి, జాగా చాలకపోతే ఒకే ప్రోగ్రాం విండోలన్నిటినీ ఒక్క బటన్ కిందికి నెట్టింది. 2009లో విండోస్ 7 అసలు పేర్లే తీసేసి బొమ్మలు పెట్టింది. సెట్టింగ్‌లోకి పోయి పేర్లు తెచ్చుకోవచ్చు కానీ, ఎంతమంది పోతారు? 2021లో విండోస్ 11 వస్తే ఆ సెట్టింగ్ కూడా తీసేశారు. జనం గోల పెడితే 2023లో తిరిగిచ్చారు. ఇచ్చిన వారంలోనే నేను పెట్టుకున్నాను.

నడుమ విండోస్ విస్టాలో ఒక తమాషా ఉండేది. విండోలన్నీ పేకముక్కల్లా ఏటవాలుగా నిలబడి ఒకదాని వెనక ఒకటి తిరిగేవి. షాపుకు వచ్చినవాళ్లకు చూపించి మురిసేవాణ్ణి. పనికి మాత్రం ఒక్కసారీ వాడలేదు. విండోస్ 8లో తీసేస్తే బాధపడినవాణ్ణి నేను చూడలేదు.

ఈ పేకముక్కలు, ఆల్ట్ ట్యాబ్‌లో కనబడే చిన్న బొమ్మలు, అన్నిటికీ ఒకటే నమ్మకం. విండోలు చూడటానికి వేర్వేరుగా ఉంటాయని. ఒకదాంట్లో పాట, ఒకదాంట్లో మెయిల్, ఒకదాంట్లో ఫొటో ఉన్నవాళ్లకు ఆ నమ్మకం సరిపోతుంది. నా దగ్గర పది పెండ్లి కార్డులుంటాయి, పదింటి మీదా వినాయకుడే. రెండేండ్లకోసారి మేడారం జాతర వస్తుంది. ఆ నెలంతా ఫ్లెక్సీలే. ప్రతి ఫ్లెక్సీలో ఒక పక్క సమ్మక్క సారలమ్మ గద్దెలు, ఇంకో పక్క చేతులు జోడించిన నాయకుడు. అగ్గిపెట్టె అంత బొమ్మలో నాయకుల ముఖాలు గుర్తుపట్టడం వాళ్ల ఇంటివాళ్ల వల్ల కూడా కాదు. కిరాణా లెక్కలు రాసేవాడికీ, కేసు పేపర్లు టైపు చేసేవాడికీ, బడిలో మార్కుల పట్టికలు కొట్టే సారుకూ ఇదే బాధ. పని చేసేవాడి విండోలు ఒక్క తీరుగానే ఉంటాయి, ఎందుకంటే పని ఒక్కటే.

ఈ మాట నాకంటే బాగా చెప్పింది మా బావ. ఆయన ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో గుమాస్తా. సీజన్‌లో ఆ యార్డు చూసినవాళ్లకు తెలుసు, ఎటు చూసినా మిర్చి బస్తాలే, అన్నీ అవే గోనె సంచులు, ముక్కు కారే ఘాటు. కార్డుల గొడవైన వారం షాపుకు వచ్చి, నా తెర కాసేపు చూసి అడిగాడు: “అన్నీ ఒక్కతీరే ఉన్నయి గదరా, ఏది ఎవనిదో ఎట్ల తెలుస్తది?” తెరిచి చూడాలి బావా అన్నాను. “మేం గట్ల బస్తా బస్తా ఇప్పి చూస్తే తెల్లారుతది. రైతు దించంగనే చీటీ పెడ్తం. ఊరు, పేరు. ఇగ మిర్చిని చూసేది ధర కట్టేటోడు, మేం చీటీనే చూస్తం.”

చీటీ ఉండాలని అప్పుడు తెలిసింది. చీటీతో పిలిస్తే విండో నడిచొస్తుందని మాత్రం ఒక పిల్లాడి వల్ల తెలిసింది.

ఎన్ఐటీలో చదివే అబ్బాయి, ప్రాజెక్టు రిపోర్టు బైండింగ్ కోసం వచ్చాడు. రెండు పేజీలు మార్చాలని అక్కడే ల్యాప్‌టాప్ తెరిచాడు. విండోస్ కాదు, దాని బదులు వాడే లినక్స్. కింద పట్టీ లేదు, బొమ్మలు లేవు, బోడి తెర. పాడైందేమో అనుకున్నా. వాడు ఏవో రెండు మీటలు కలిపి నొక్కితే నడుమ ఒక గీత పెట్టె వచ్చింది. దాంట్లో తెరిచి ఉన్న విండోల పేర్లు వరసగా ఉన్నాయి. మూడు అక్షరాలు కొట్టాడు, పేర్లన్నీ పోయి ఒకటే మిగిలింది, ఎంటర్ కొట్టాడు. చాప్టర్ ఫోర్ ముందుకొచ్చింది. మౌస్ ముట్టుకోలేదు. ఏంది తమ్మీ ఇది అంటే రోఫీ అన్నాడు. నేను దాన్ని ‘కాఫీ’ అనుకుని రాసుకున్నా, అది వేరే కథ.

విండోస్‌లో దానికి దగ్గరిది మైక్రోసాఫ్ట్ వాళ్లే ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్‌లో ఉంది. విండోస్‌తో పాటు రాదు, విడిగా వేసుకోవాలి. దాంట్లో పవర్‌టాయ్స్ రన్ అని ఒకటుంటుంది. ఆల్ట్, స్పేస్ నొక్కితే రాసే పెట్టె వస్తుంది. ముందు ‘<’ (లెస్ దెన్) గుర్తు కొట్టి, ఆ తర్వాత అక్షరాలు కొడితే తెరిచిన విండోల్లోనే వెతుకుతుంది. ఆ గుర్తు మరిచిపోతే ప్రోగ్రాములూ ఫైళ్లూ అన్నీ తెచ్చి కుప్ప పోస్తుంది. ఇంత పనికొచ్చేదాన్ని ఇంత లోపల ఎందుకు దాచారో నాకిప్పటికీ అర్థం కాదు. గడియారంలా తెర మూలన ఉండాల్సిన వస్తువు అది.

మొదటి రోజు వెతికితే ఏమీ దొరకలేదు. దొరకదు కూడా. ‘కార్డ్ న్యూ 2’ అని పెట్టి పరకాల అని పిలిస్తే ఎవరు పలుకుతారు?

అప్పుడు మా షాపులో మేం ఎట్లా మాట్లాడుకుంటామో గమనించాను. పెండ్లికొడుకు పేరుతో ఎప్పుడూ మాట్లాడుకోం. “పరకాల పార్టీ వచ్చిండు”, “నర్సంపేట పార్టీ బాకీ ఉంది”, “ధర్మసాగర్ అక్క ఫోన్ చేసింది.” ఊరే పేరు. సంతకు వచ్చినట్టు చుట్టుపక్కల ఊర్ల నుంచి జనం వచ్చే చోట అదే సహజం. నేను మాత్రం ఇరవై ఏండ్లుగా నోటితో ఒక పేరు పిలుస్తూ, ఫైలుకు ఇంకో పేరు పెడుతున్నాను. ఇప్పుడు ఫైలు పేరులో మొదటి మాట ఊరు, రెండోది ఇంటి పేరు, మూడోది పని. ‘కార్డు’ అన్న మాట చివరికి పోయింది. నా దగ్గర ఉన్నవన్నీ కార్డులే, ఇక ఆ మాట ముందుండి ఏం లాభం?

తెలుగులో పెట్టొచ్చు కదా అని అడిగేవాళ్లున్నారు. నేను టైపు చేసేది అనూ ఫాంట్లలో. అది తెర మీద తెలుగులా కనబడుతుంది కానీ లోపల ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులే. అక్కడి నుంచి కాపీ చేసి ఫైలు పేరులో పెడితే పిచ్చి గీతలొస్తాయి. యూనికోడ్‌లో, అంటే లోపల కూడా తెలుగు అక్షరాలే ఉండే పద్ధతిలో, తెలుగు పేరు పెట్టొచ్చు, ఆల్ట్ ట్యాబ్‌లో చూడటానికి ముచ్చటగా ఉంటుంది కూడా. కానీ పిలవాలంటే ముందు కీబోర్డును తెలుగులోకి మార్చాలి, పని అయ్యాక మళ్లీ మార్చాలి. మరిచిపోయి వెతికితే తెలుగు పేరు కోసం ఇంగ్లిష్ అక్షరాల్లో వెతికినట్టవుతుంది, ఏమీ రాదు. నేను ఓడిపోయి ఇంగ్లిష్ అక్షరాల్లోనే పెట్టుకుంటున్నాను. సంతోషంగా కాదు.

ఇంగ్లిష్‌లో పెడితే స్పెల్లింగ్ తగువు. మా ఊరి పేరే చూడండి. 2021లో జిల్లా పేరు మార్చేదాకా బోర్డుల మీద హన్మకొండ, ఇప్పుడు హనుమకొండ. ఇంగ్లిష్‌లో నడుమ ‘యూ’ ఉన్నదొకటి, లేనిదొకటి, రెండూ గోడల మీద పక్కపక్కనే ఉంటాయి. లక్ష్మి అన్న పేరును ఎక్స్‌తో రాసేవాళ్లు మా దిక్కు ఎక్కువ, కే ఎస్ హెచ్‌తో రాసేవాళ్లూ ఉన్నారు. ఈ పవర్‌టాయ్స్‌లో నాకు నచ్చింది ఏంటంటే అక్షరాలు పక్కపక్కనే ఉండాలని పట్టుబట్టదు, అదే వరసలో ఉంటే చాలు. హెచ్ ఎన్ కే అని కొడితే ‘యూ’ ఉన్నా లేకున్నా హన్మకొండ వస్తుంది. ఎల్ ఎం ఐ కొడితే ఇద్దరు లక్ష్ములూ వస్తారు. పీ ఆర్ కే అంటే పరకాల. మన పేర్లకు ఇంగ్లిష్‌లో స్థిరమైన స్పెల్లింగ్ లేనంతకాలం, ఇట్లా పట్టువిడుపు ఉన్న వెతుకులాటే మనకు పనికొస్తుంది.

అయినా ఒక పెద్ద చిల్లు ఉంది. ఈ వెతుకులాట విండోలనే చూస్తుంది, విండో కడుపులో ఉన్నవాటిని చూడదు. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో, దాని తర్వాత ఇంకో వెర్షన్ రాలేదు. పాత పద్ధతి ప్రోగ్రాం. ఒక పెద్ద విండో, దాని లోపల ఫైళ్లన్నీ పిల్ల విండోలు. కంప్యూటర్‌కు తెలిసింది పెద్దది ఒక్కటే. లోపల ఎనిమిది కార్డులున్నా టాస్క్‌బార్‌లో ఒకే బటన్, ఆల్ట్ ట్యాబ్‌లో ఒకే గడి. వర్డ్ ఈ పద్ధతిని 2000 వెర్షన్‌లోనే వదిలేసింది. ఎక్సెల్ 2013లో వదిలింది, అప్పటి నుంచి ప్రతి ఫైలూ సొంత విండో. అంటే నేను పీ ఆర్ కే కొడితే, పరకాల కార్డు ఆ సమయానికి పైన ఉంటేనే దొరుకుతుంది. పైన ఉంటే వెతకడం దేనికి?

ఇది పాత సామాను సమస్య అనుకునేరు. క్రోమ్ ట్యాబులు కూడా సరిగ్గా ఇదే. వద్దనుకుని వదిలేసిన పిల్ల విండోలు వేరే వేషంలో వచ్చాయి. విండో పేరు అంటే దాంట్లో ఇప్పుడు పైనున్న ట్యాబు పేరు మాత్రమే. మిగతా ఇరవై ట్యాబులూ విండోల వెతుకులాటకు కనబడవు. వాటికోసం క్రోమ్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఏ నొక్కి విడిగా వెతకాలి. ఫైర్‌ఫాక్స్‌లో అయితే అడ్రస్ బార్‌లో శాతం గుర్తు, ఖాళీ కొట్టి వెతకాలి. ఒకే వస్తువు కోసం మూడు చోట్ల మూడు భాషల్లో అడగడం.

ఇంకో తలనొప్పి కూడా ఉంది. కౌన్సెలింగ్, స్కాలర్‌షిప్ రోజుల్లో ఒకేసారి నలుగురు పిల్లల అప్లికేషన్లు తెరిచి ఉంటాయి. కొన్ని సైట్లలో ఏ పేజీకి పోయినా పైన పేరు ఒకటే, ఆ సైటు పేరు. నాలుగు ట్యాబులకు నాలుగు ఒకే చీటీలు. ఆ పిల్లల్లో ఎవరి వెబ్ ఆప్షన్లు ఎవరికి పెడుతున్నానో అన్న టెన్షన్ ముందు పెండ్లి కార్డు తప్పు ఒక లెక్క కాదు. కార్డు మళ్లీ అచ్చు వేయొచ్చు. దీనికి నేను పట్టుకున్న ఉపాయం ఒకటుంది. క్రోమ్‌లో ట్యాబుల పట్టీ మీద ఖాళీ జాగాలో కుడి క్లిక్ చేస్తే విండోకు పేరు పెట్టే ఆప్షన్ ఉంటుంది. ఒక్కో పిల్లకు ఒక్కో విండో తెరిచి పేరు పెడతాను: హసన్‌పర్తి, ములుగు, కాజీపేట. అప్పుడు సైటు ఏ పేరు చెప్పుకున్నా నాకు లెక్క లేదు. బావ చెప్పిన చీటీ అదే, రైతు బండి దించగానే పెట్టేది.

“ఇన్ని ఎందుకు తెరవాలి, అయినవి మూసేస్తూ పోతే పోదా” అనేవాళ్లతో నాకు చాలాసార్లు వాదన అయింది. ఆ సలహా ఇచ్చేవాళ్లు కౌంటర్ ఇవతల ఎప్పుడూ కూర్చోలేదు. ప్రూఫ్ చూసుకుని వస్తానని పోయిన నర్సంపేట ఆయన ఎప్పుడొస్తాడో నాకు తెలియదు. ఆయన ఫైలు మూయగానే తలుపులో ఉంటాడు. మూయడం, తెరవడం, ఫోల్డర్‌లో వెతకడం, జూమ్ సరిచేయడం, ఇదంతా ఆయన బస్సు టైం. రెండో సలహా వర్చువల్ డెస్క్‌టాపులు, అంటే ఒకే కంప్యూటర్‌లో విండోలను విడివిడి తెరల్లో పంచిపెట్టుకోవడం. విండోస్ 10 నుంచి ఉన్నాయి. కార్డులు ఒక డెస్క్‌టాప్‌లో, ఆన్‌లైన్ పనులు ఇంకో దాంట్లో పెట్టి నెల రోజులు చూశాను. పనులు ఆ గీత లోపల ఉండవు. కార్డు అడిగినాయనే కొడుకు అప్లికేషన్ కూడా అడుగుతాడు. ఇంతకుముందు ఏ విండో అని వెతికేవాణ్ణి, అప్పుడు ఏ డెస్క్‌టాప్ అని కూడా వెతికాను. అల్మరా సర్దలేక ఇంకో అల్మరా కొన్నట్టు.

లెక్క తేల్చాలంటే పేరు పెట్టకపోవడం నా తప్పు, పేరు కనబడకుండా దాచడం, పేరుతో పిలిచే దారి లేకుండా చేయడం దాని తప్పు. రెండు డబ్బాల్లో ఒక డబ్బా నాది, ఒకటి దానిది. డబ్బులు మాత్రం నేనే కట్టాను.

మూయమన్నవాళ్లతో అంత వాదించినా, పేజ్‌మేకర్ కడుపులోని ఫైళ్లు పిలిస్తే రావు కాబట్టి ఇప్పుడు పెండ్లి కార్డులకు దాంట్లో మాత్రం ఒక నియమం పెట్టాను. ఎన్ని ఫైళ్లున్నా ఒకసారికి ఒక్కటే తెరవాలి. ముహూర్తం దిద్దేముందు జూమ్ తగ్గించి పెండ్లికూతురు పేరు బయటికి చదవాలి. మా తమ్ముడు మొదట్లో నవ్వేవాడు, ఇప్పుడు వాడే అయ్యగారిలా గట్టిగా చదువుతున్నాడు. కౌంటర్ ముందు నిలబడ్డ ఆడవాళ్లు తిరిగి చూస్తారు. నిన్న సాయంత్రం జనగామ పార్టీ వచ్చి కూర్చున్నాడు. “అన్నా, గాయన కార్డు ఎక్కడున్నది” అని తమ్ముడు అటు కంప్యూటర్ నుంచి అరిచాడు. ఏ పేరు పెట్టావురా అని అడిగాను. వాడు కాసేపు మాట్లాడలేదు.

“న్యూ 3” అన్నాడు.